ఆటలో అరటిపండు

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు జర్మనీ నుంచి వచ్చాడు. భోగినాటి సాయంత్రం తాడేపల్లిగూడెంలో మా అక్కయ్యగారింట బంధువులందరం కూర్చుని ఉండగా వాడొక ముచ్చట చెప్పాడు. కిందటి వేసవిలో ఒక శని, ఆదివారాలు సైకిల్ పోలో పోటీలు ఆడటానికి ఇద్దరు స్నేహితులతో కలిసి చెక్ దేశానికి వెళ్ళి వచ్చాడట. రైలు ఖర్చులు ఎవరివి వారివే. రాత్రి పడుకున్నది ముక్కూ మొహం తెలియని ఒక ఆటగాడి ఇంట్లో, నేల మీద. ఆరు ఆటలు ఆడారు, ఐదు ఓడిపోయారు. గెలిచిన ఆ ఒక్కదాంట్లోనూ ఎదుటి జట్టువాడి సైకిలు గొలుసు ఊడిపోతే, అతను బిగించుకునేదాకా ఆగి, తరువాత ఆడి గెలిచారట. ఆ సంగతి చెప్పేటప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది.

అంతా విని మా బావగారి అన్నగారు, "సర్టిఫికెట్టు ఇచ్చారా బాబూ?" అని అడిగారు.

"లేదు పెదనాన్నా."

"పోనీ డబ్బేమైనా?"

"లేదండి. మేమే తలా కాస్త వేసుకున్నాం, మైదానం అద్దెకి."

"మరెందుకురా అంత దూరం వెళ్ళడం?"

"ఆడటానికి" అన్నాడు వాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నన్ను పండుగ మూడు రోజులూ వదలలేదు. ఈ నాలుగు మాటలూ వ్రాయడానికి కారణం అదే.

ముందు ఆ ఆట సంగతి. పోలో అనగానే మనకు గుర్రాలు, రాజులు గుర్తుకు వస్తారు. మన గోదావరి సీమలోని కొలంక సంస్థానం పేరు మోస్తున్న కొలంక కప్పు నిలువెత్తు మనిషంత ఉంటుంది. ఆ కప్పు కోసం ఆడినవారికి లాయాల నిండా గుర్రాలుండేవి. గుర్రం లేనివాడికి కూడా ఆడాలని ఉంటుందని 1891లో ఐర్లండుకు చెందిన రిచర్డ్ మెక్రెడీ గ్రహించాడు. ఆయన సైకిలు పందాల మాజీ ఛాంపియను, పత్రికా సంపాదకుడు. గుర్రం స్థానంలో సైకిలును పెట్టాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటను ప్రదర్శన క్రీడగా ఆడితే ఐర్లండు జర్మనీని ఓడించింది. మన దేశంలో పచ్చిక మీద ఆడే సైకిల్ పోలోకు జాతీయ సమాఖ్య ఉంది, భారత జట్టు ప్రపంచ పోటీల్లో పలుమార్లు గెలిచింది కూడా.

మా మేనల్లుడు ఆడేది దానికి చిన్న తమ్ముడి వంటి ఆట. 2000 ప్రాంతంలో అమెరికాలోని సియాటిల్ నగరంలో, సైకిళ్ళ మీద ఉత్తరాలూ పార్సిళ్ళూ అందించే కుర్రాళ్ళు తీరిక వేళల్లో సిమెంటు నేల మీద మొదలుపెట్టారు. జట్టుకు ముగ్గురు. మంచులో జారే ఆటగాళ్ళు వాడి పారేసిన కర్ర ఒకటి, దాని చివర అడ్డంగా ప్లాస్టిక్ గొట్టపు ముక్క. అదే పోలో కర్ర. గొట్టం అంచుతో కొడితేనే గోలు; పక్కతో నెడితే లెక్కలోకి రాదు. కాలు నేలకు తగిలిందా, మైదానం మధ్య అంచుకు వెళ్ళి కర్రతో తట్టి వస్తేగాని మళ్ళీ బంతిని ముట్టరాదు. ఆడా మగా కలిసే ఆడతారు. వీడి జట్టులో ఒకామె వడ్రంగి, ఒకతను సైకిళ్ళు బాగుచేసేవాడు, వీడు సాఫ్ట్‌వేరు.

తిరుగు రైలులో ఆ ముగ్గురూ తలొక పేజీ వ్రాసుకున్నారట. నాకు చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. ఒకడు తనకు ఎడమవైపు తిరగడం తప్ప కుడివైపు తిరగడం రాదని ఈ రెండు రోజుల్లో తెలిసిందని వ్రాశాడు. ఆ వడ్రంగి ఆమె, నలభై దాటాక కొత్తగా ఒక పని నేర్చుకుంటూ పదిమంది ముందు కిందపడటంలో సిగ్గు లేదని మొదటిసారి అనిపించిందని వ్రాసింది. మావాడు వ్రాసింది ఒకటే వాక్యం: తమను ఓడించిన జట్టువాడే ఆ రాత్రి తన ఇంట్లో పడక వేశాడని. గెలుపు గురించి ముగ్గురిలో ఎవరూ వ్రాయలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన సమాజం ఆటకు మూడే మూడు అనుమతి పత్రాలు ఇచ్చింది. సర్టిఫికెట్టు వస్తే ఆడవచ్చు. పందెం ఉంటే ఆడవచ్చు, లేదా ఆడించవచ్చు. ఇవేవీ లేకపోతే టీవీలో చూడవచ్చు. ఈ మూడూ కాక, ముప్పై ఏళ్ళు దాటిన మనిషి ఊరికే ఆడితే వాడు పనిలేనివాడు. ఆడది ఆడితే ఇక చెప్పనే అక్కరలేదు. జూద నిరోధానికి 1974 చట్టం, జంతుహింస నివారణకు 1960 చట్టం ఉన్నా, సంక్రాంతి మూడు రోజులూ మన జిల్లాల్లో కోడిపందాల బరుల దగ్గర కార్లు నిలపడానికి చోటుండదు. అక్కడ లక్షలు పోగొట్టుకుని వచ్చినవాడిని "ఎందుకురా వెళ్ళడం?" అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అది సరదా అట! రైలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి ఐదు ఆటలు ఓడిపోయి వచ్చినవాడు మాత్రం వెర్రివాడట!

నేను ఎవరినో అనడం లేదు. నా కథే చెబుతాను. 1980లలో ఏలూరులో చదువుకునే రోజుల్లో నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. మా జట్టులో కొల్లేటి లంక గ్రామం నుంచి రోజూ సైకిలు మీద వచ్చే ఒక మిత్రుడుండేవాడు. నేను రెండు ఊళ్ళు తిరిగి నేర్చుకున్న దెబ్బ అతనికి పుట్టుకతో వచ్చింది. బయటి రాష్ట్రంలో పోటీలకు ఎంపిక జరిగినప్పుడు దారి ఖర్చులు ఎవరికి వారే పెట్టుకోవాలన్నారు. మా నాన్నగారు ఇచ్చారు. అతని తండ్రి ఇవ్వలేకపోయాడు. నేను వెళ్ళాను, మూడో రోజుకే ఓడి వచ్చాము, సర్టిఫికెట్టు వచ్చింది. ఆ కాగితం వల్లనే నాకు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంలో చేరిన తరువాత, పదవీ విరమణ దాకా, నేను ఒక్కనాడూ బ్యాటు పట్టలేదు. ఎందుకు పట్టాలి? ఆట చేయవలసిన పని చేసేసింది గదా!

ఇప్పుడు ఆలోచిస్తే, నేను ఆ ఆటను ప్రేమించలేదు, వాడుకున్నాను. ఇంగ్లీషువారు ఔత్సాహికుణ్ణి 'అమెచ్యూర్' అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో 'ప్రేమించేవాడు' అనే మాట. మనం ఆ పదాన్ని 'చేతకానివాడు' అనే అర్థంలో వాడుతున్నాము. తేడా అంతా అక్కడే ఉంది.

ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది, రావాలి కూడా. "జర్మనీలో జీతం తీసుకునేవాడికి ప్రేమ ఉంటుందండీ. చేపల చెరువు కాపలాదారు కొడుక్కి ఉద్యోగం కావాలి. సర్టిఫికెట్టును ఈసడించడానికి మీరెవరు?" నిజమే. ఆ కాగితం తిన్నవాణ్ణి నేను, దానిని ఈసడించే అర్హత నాకు లేదు. పేదపిల్లకు ఆట ద్వారా ఉద్యోగం వస్తే అది న్యాయమే. 2020లో కేంద్రం క్రీడాకోటా నియామకాల జాబితాను 43 క్రీడల నుంచి 63కు పెంచినప్పుడు సైకిల్ పోలోకూ అందులో చోటు దొరికింది. దానివల్ల ఎవరో ఒక కుటుంబం నిలబడితే సంతోషమే. నా తగవు కాగితంతో కాదు. కాగితం తప్ప ఆటకు మరో ప్రాణం లేకుండా చేయడంతో.

ఎందుకంటే ఆటకు కాగితమే ప్రాణమైనప్పుడు, కాగితం ఇచ్చేవాడే ఆటకు యజమాని అవుతాడు. ఆ కాగితం మీద సంతకం ఎవరిదన్న దాని మీద సంఘాలు రెండుగా చీలిపోతాయి. పిల్లలు మధ్యలో నిలబడతారు. 2022 డిసెంబరులో ఏం జరిగిందో జ్ఞాపకం చేసుకోండి. ఇదే సైకిల్ పోలో. నాగపూరులో జాతీయ పోటీలు. కేరళ నుంచి రెండు సంఘాల పేరిట పిల్లలు వెళ్ళారు. గుర్తింపు లేదన్న సంఘం పిల్లలు హైకోర్టు ఉత్తర్వుతో వెళ్ళవలసి వచ్చింది. ఆడనిస్తాము గాని వసతి, భోజనం మా బాధ్యత కాదని నిర్వాహకులు అన్నట్లు ఆనాడు వార్తలు వచ్చాయి. ఆ జట్టులోని ఆలప్పుళ జిల్లా అమ్మాయి, పదేళ్ళది, వాంతులతో ఆసుపత్రిలో చేరి డిసెంబరు 22న కన్నుమూసింది. ఆ మరణానికి వైద్యపరమైన కారణం తేల్చడం నా పని కాదు. నేను అడిగేది ఒకటే: పదేళ్ళ పిల్ల సైకిలెక్కి బంతి కొట్టడానికి కోర్టు ఉత్తర్వు ఎందుకు కావలసి వచ్చింది? చెక్ దేశంలో ముక్కూ మొహం తెలియనివాడు తనను ఓడించవచ్చిన ముగ్గురికి నేల మీద పక్క వేశాడు. మనం మన దేశపు పిల్లలకు, మన ఆట ఆడవచ్చినవారికి, ఏ సంఘం మీదని అడిగి, తరువాత అన్నం సంగతి ఆలోచించాము.

వాళ్ళు మంచివారు, మనం చెడ్డవారం అని నేననడం లేదు. అక్కడ ఆ రెండు రోజుల పోటీల్లో కొట్టుకోవడానికి ఏమీ లేదు, అందువల్ల కొట్టుకోలేదు. ఇక్కడ ఒక కాగితంలో ఒక జీవితం ఉంది, అందువల్ల కొట్టుకుంటున్నాము. ఉద్యోగాల కొరతను మనం ఆటస్థలంలోకి తెచ్చి పోశాము.

ప్రభుత్వం చేయవచ్చు గదా అంటారు. చేసింది. 2023 డిసెంబరులో 'ఆడుదాం ఆంధ్రా' అని 15 ఏళ్ళు దాటిన వారందరికీ ఊరూరా పోటీలు పెట్టింది. ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అయితే దానికి నగదు బహుమతులు పెట్టారు, 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగించారు, ఆ జూనులో ప్రభుత్వం మారింది. ఉత్తర్వుతో వచ్చిన ఆట ఉత్తర్వుతోనే పోతుంది. మనకు కావలసింది ఆడించే ప్రభుత్వం కాదు, ఆడుకుంటుంటే తాళం వేయని ప్రభుత్వం.

తాళం అన్నాను గదా, అదీ చెప్పాలి. ముక్కనుమనాడు మా మేనల్లుణ్ణి తీసుకుని ఆ కొల్లేటి మిత్రుని ఊరికి వెళ్ళాను. దాదాపు నలభై ఏళ్ళ తరువాత. అతను ఇప్పుడు పరాయివాళ్ళ చేపల చెరువుల మీద కాపలా ఉంటాడు. మాటల్లో తెలిసింది, మొన్నమొన్నటిదాకా సాయంత్రాలు ఊళ్ళో కుర్రాళ్ళతో వాలీబాల్ ఆడేవాడట, బడి ఆవరణలో. బడికి ప్రహరీ కట్టారు. నాలుగు దాటితే గేటుకు తాళం. "లోపల ఖాళీయే ఉంటాదండి, గడ్డి మొలిచింది" అన్నాడు. నన్ను 'అండీ' అనడం మొదట ముల్లులా గుచ్చుకుంది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఉన్నచోట దానికి తాళం వేయమని ఏ చట్టమూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మావాడు ఊరుకోలేదు. రెండు వెదురు కర్రలు, కొట్టు దగ్గర పడి ఉన్న పీవీసీ గొట్టం ముక్కలు తెచ్చి తీగతో బిగించాడు. ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్ళం ఖాళీగా ఉంది. చెరువులకు మేత బస్తాలు మోసే కుర్రాళ్ళు సైకిళ్ళతో వచ్చారు. మూరెడు వెడల్పు గట్టు మీద, వాన కురిసిన బంకమట్టిలో, బస్తా వేసుకుని కాలు దించకుండా పోయేవాళ్ళు వాళ్ళు. పావుగంటలో మావాడికి చెమటలు పట్టించారు. వాడు రెండుసార్లు కిందపడ్డాడు. ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల, అన్న సైకిలు లాక్కుని వచ్చి, కర్ర తిప్పడం చూసి నా మిత్రుడు ఈల వేశాడు. ఆ పిల్లకు ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు, ఇవ్వబోరు కూడా. చీకటి పడేదాకా ఆడింది.

చిన్నప్పుడు మనం ఆడుకునేటప్పుడు మరీ పసివాళ్ళు వస్తే 'వీడు ఆటలో అరటిపండు' అని చేర్చుకునేవాళ్ళం. వాడు దొరికినా దొంగ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. అయినా అందరికంటే ఎక్కువగా పరుగెత్తేది, నవ్వేది వాడే. పెద్దయ్యాక మనం ఆ స్థానాన్ని అవమానంగా మార్చుకున్నాము. లెక్కలోకి రానిది చేయకూడదని నేర్చుకున్నాము, పిల్లలకూ నేర్పాము.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే ఉంది. ఏలూరులో కళాశాలల మైదానాలున్నాయి. ఊరూరా బళ్ళున్నాయి. నేనడిగేవి పెద్ద కోరికలు కావు. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా బడి గేట్లు తెరిచి ఉంచండి. ఏడాదికి ఒక్క శని, ఆదివారాలు ఏ ఆటకైనా సరే, కప్పు లేని, కాగితం లేని, ముఖ్య అతిథి లేని పోటీలు పెట్టుకోండి. పొరుగూరి జట్టుకు మీ ఇళ్ళల్లో పడక వేయండి. కాగితం కోసం ఆడే పిల్లలు వేరుగా ఆడతారు, ఆడనివ్వండి. కాని ఆట అంటే అది ఒక్కటే కాదని వాళ్ళు చూసేటట్లు, పెద్దవాళ్ళం మనం ఆడి ఓడిపోదాం.

నాకు అరవై దాటింది. వచ్చే ఆదివారం బ్యాటు కొనడానికి ఏలూరు వెళుతున్నాను. నా మిత్రుడికీ ఒకటి తీసుకుంటాను. ఇన్నేళ్ళ తరువాత అతను నన్ను చిత్తుగా ఓడిస్తాడని తెలుసు. సర్టిఫికెట్టు ఇస్తారా అని మా ఇంట్లో అడిగితే, ఈసారి నవ్వను.