యంత్రము మనది, చలనము పరులది

యంత్రమును గొన్నవాడు యంత్రమునకు యజమాని యగునా? ధనము చెల్లించి, రసీదు పుచ్చుకొని, కార్ఖానాలో నిలిపినంతమాత్రమున అది మనదైనదని లోకము తలచుచున్నది. కాని అది ఆగిపోయిన దినమున దానిని మరల నడిపింపగలవాడెవ్వడో వాడే దానికి నిజమైన యజమాని. ఈ సూత్రమునుబట్టి విచారించినచో, మన పట్టణములలో కంప్యూటరుచే నడచు మిల్లింగు యంత్రములలో అనేకములు మన యింట నున్నను పరుల యధీనమున నున్నవని చెప్పక తప్పదు. లోపము ఇనుమునందు లేదు; విద్యుచ్ఛక్తియందును లేదు. కంప్యూటరు ఆజ్ఞను గ్రహించి యంత్రపు బల్లను వెంట్రుకవాసి తప్పకుండ జరుపు సర్వోమోటారును, దాని నేలెడి డ్రైవును యంత్రముతో గలుపు విద్య మనకు చాలినంతగా అలవడలేదు.

ఈ మాట సికింద్రాబాదునందు చెప్పుట కొంత బాధాకరము. బోయిగూడకు చేరువనే యున్న కవాడిగూడలో పనిచేసిన ప్రాగా టూల్స్ సంస్థ, ప్రపంచయుద్ధము సాగుచున్న 1943 మే నెలలో స్థాపితమైనది. దేశమునకు స్వాతంత్ర్యము రాకమునుపే ఈ నగరమున యంత్రములను జేయు యంత్రముల పరిశ్రమ వేరూనినదన్నమాట. తరువాత 1967లో ఈ.సి.ఐ.ఎల్. వెలసి ఎలెక్ట్రానిక్సు విద్యకు పుట్టినిల్లయ్యెను. 1968లో బాలానగరమున పనిముట్ల రూపకల్పనను నేర్పు కేంద్రసంస్థ యేర్పడెను. ప్రాగా సంస్థ కంప్యూటరు యంత్రములనుగూడ చేసి, 1988లో ఎచ్.ఎం.టి. యధీనమునకు బోయెను. ఇనుమును చెక్కువారు, విద్యుత్సంకేతములను నడపువారు, పనిముట్లను నేర్పువారు ఒక్క నగరముననే యుండిరి. అయినను నేడు మన చిన్న కార్ఖానాలలోని డ్రైవులు జపాను, జర్మనీ, తైవాను, చైనా దేశముల నామములను ధరించి వచ్చుచున్నవి. వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న, పదములున్నవి, సంధి కుదరలేదు.

ఆ సంధి యెట్టిదో పాఠకులు గ్రహింపవలెను. 1952లో అమెరికాయందలి మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు అంకెల యాజ్ఞలచే నడచు మిల్లింగు యంత్రమును లోకమునకు జూపిరి. నాటినుండి మూలసూత్రము మారలేదు. కంప్యూటరు ఆజ్ఞ యిచ్చును. డ్రైవు ఆ యాజ్ఞకు దగిన విద్యుత్తును మోటారునకు బంపును. మోటారు ఇరుసునకు దగిలించిన ఎన్‌కోడరు తాను ఎంత తిరిగినదో ఎప్పటికప్పుడు డ్రైవునకు విన్నవించును. ఆజ్ఞకును ఆచరణకును గల భేదమును లెక్కించి డ్రైవు సరిదిద్దును. ఆజ్ఞ యిచ్చుటతో తృప్తి నొందక, అది నెరవేరినదో లేదో విచారించుటయే సర్వోవిధానమునకు ప్రాణము. మన పరిపాలనకును ఈ విధానము అలవడినచో నెంత మేలు!

ఇక లెక్క. మోటారు ఒక్క చుట్టు తిరిగినపుడు బల్ల 5 మిల్లీమీటర్లు జరుగునట్టి బాల్‌స్క్రూ నూహింతము. ఎన్‌కోడరునకు చుట్టునకు 2,500 గీతలున్నచో, ఒక్కొక్క గీతను నాలుగుగా నెంచి డ్రైవు 10,000 భాగములను గుర్తించును. అనగా కంప్యూటరు పంపు ఒక్కొక్క పల్సునకు బల్ల మిల్లీమీటరులో 2,000వ వంతు జరుగును. బల్ల నిమిషమునకు 5 మీటర్లు పరుగెత్తవలెనన్న మోటారు 1,000 చుట్లు తిరుగవలెను. కంప్యూటరు సెకండునకు సుమారు 1,66,667 పల్సులు పంపవలెను. పాత కంప్యూటరు ప్రింటరు ద్వారమునుండి సెకండునకు 25,000 పల్సులే వచ్చుచున్నచో, బల్ల నిమిషమునకు 750 మిల్లీమీటర్లకు మించి జరుగనేరదు. ఈ లెక్క నెరుగనివాడు మోటారు చెడ్డదని వర్తకునితో కలహించును. ఎరిగినవాడు డ్రైవులోని నిష్పత్తిని మార్చి చుట్టునకు 2,000 పల్సులే చాలునట్లు చేయును. లేదా పల్సులను వేగముగా బుట్టించు ప్రత్యేకపు కార్డును నడుమ నమర్చును. మొదటి మార్గమున వేగము అయిదింతలగును గాని సూక్ష్మత యంతమేర తగ్గును. రెండవదానియందు సొమ్ము వ్యయమగును. ఏది తగునో నిర్ణయించుటయే విద్య. అది పెట్టెలో పెట్టి అమ్మబడు వస్తువు గాదు.

తీగలు గలుపుటయందును ఇట్టి వివేకమే కావలెను. మోటారునకు శక్తి నిచ్చు తీగయు, ఎన్‌కోడరు వార్తను దెచ్చు తీగయు నొక్క గొట్టమున పెనవేసి నడపినచో, మొదటిదాని రొద రెండవదానిని చెరచి లేని జరుగుడును ఉన్నట్లు చూపును. అంతకంటె ఘోరమైన లోపము మరియొకటి కలదు. డ్రైవు తనకు గలిగిన ఆపదను దెలుపుటకు అలారము తీగ నొకదాని నిచ్చును. దానిని కంప్యూటరునకు గలుపకున్నను యంత్రము నడచును గనుక పలువురు విడిచిపెట్టుదురు. తరువాత నొకనాడు ఒక దిశయందలి డ్రైవు ఆగిపోవును. తక్కిన దిశలు ఏమియు నెరుగనట్లు కోతను సాగించును. లోహము పాడగును, పనిముట్టు విరుగును, పనివాని వ్రేలికి ముప్పు వాటిల్లును. కావున అలారము కలుపవలెను. హద్దుల స్విచ్చులను, తీగ తెగినను యంత్రము ఆగునట్లు అమర్చవలెను. నిలువుగా కదలు భాగపు మోటారునకు శక్తి తొలగినంతనే పట్టు బ్రేకుండవలెను. ఆపత్కాలపు మీట కంప్యూటరు దయకై వేచియుండక డ్రైవుల శక్తినే తెగగోయవలెను. ప్రాణరక్షణపు టేర్పాటును తుదకు జూచుకొందమనుట యెట్టి ఫలితము నిచ్చునో బోయిగూడ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2022 మార్చి 23వ తేదీన అచ్చటి పాతసామాను గిడ్డంగిలో నిద్రించుచున్న బీహారు కూలీలు పదునొకండుగురు అగ్నికి ఆహుతియైరి.

అట్టి గిడ్డంగులకు పాతయినుము తూకమున జేరు యంత్రములలో కొన్నింటి దూలములును జారుబల్లలును ఇంకను దృఢముగా నుండును. వానికి బాల్‌స్క్రూలు, సర్వోమోటారులు అమర్చి మరల నడపవచ్చునుగదా యని మా యభిప్రాయము. క్రొత్త విదేశీయంత్రమును గొనుటయే మేలని కొందరు వాదింతురు. అరిగిన జారుబల్ల గల యంత్రముల విషయమున వారి మాట నిజమే. మోటారుపై నున్న ఎన్‌కోడరు మోటారునే చూచును గాని బల్లను చూడదు. స్క్రూయందలి వదులును అది మాన్పజాలదు. కాని పనికివచ్చు యంత్రమును బాగుచేయుటలో మిగులునది ధనము మాత్రమే గాదు. బాగుచేసిన యువకుడు దాని ప్రతి తీగను ఎరిగియుండును. రేపు అది ఆగినచో విదేశీకంపెనీ ఇంజనీరు రాకకై ఎదురుచూడడు.

ఇందులకు మూడు పనులు కావలెను. మొదటిది, డ్రైవుల సంధానమును లెక్కలతో, పటములతో బోధించు పుస్తకములు తెలుగున విరివిగా రావలెను. డ్రైవు పెట్టెతో వచ్చు పుస్తకము ఇంగ్లీషుననో చైనాభాషలోనో యుండగా, చేతిపనియందు ఆరితేరిన మేస్త్రీ మూగవాడై నిలుచుచున్నాడు. రెండవది, ప్రతి పాలిటెక్నిక్కును ఒక పాత యంత్రమును దెచ్చి విద్యార్థులచేతనే మరల నడిపింపవలెను. నియంత్రణమునకు వెల పెట్టనక్కరలేదు. అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థ 1990 దశకమున నిర్మించిన కార్యక్రమమునుండి పుట్టిన లినక్స్ సీఎన్‌సీ నుచితముగా లభించుచున్నది. దాని లోపలి వ్రాతను చదివి మార్చుకొనుటకును స్వేచ్ఛ గలదు. మూడవది, యంత్రమును గొనువారు తీగల పటమును, డ్రైవులో నిలిపిన సంఖ్యల పట్టికను చేత బుచ్చుకొనక పూర్తి పైకము చెల్లింపరాదు.

భూవసతి గల మా పాఠకులు ఇది పట్టణపు కార్ఖానాదారుల గొడవయని యుపేక్షింపరాదు. కోతకాలమున వరికోత యంత్రపు పండ్లచక్రము విరిగినచో, పైరు విదేశపు తపాలాకై వేచియుండదు. సమీపపు పట్టణమున దానిని చెక్కగల యంత్రమును, ఆ యంత్రమును నడపగల తెలుగుయువకుడును ఉన్ననే ధాన్యము గాదె చేరును. మీ మిగులు ధనములో నొక భాగమును ఇట్టి కార్ఖానాలయందు పెట్టుడు; ఇంజనీరింగు చదివిన మీ కుమారులను వానియందు నిలుపుడు. 1947లో మన యాజ్ఞ మన చేతికి వచ్చినది. ఆ యాజ్ఞ ఇనుముపై చెల్లుట యింకను మిగిలియున్నది.