నోటీసు చెట్టుకు అంటిస్తారు, చదివేది ఎవరు?

సిరోంచ గ్రామ పంచాయతీ నగర పంచాయతీ అయినప్పుడు ఇంటి పన్ను ఎంత పెరుగుతుందని అందరం అడిగాము. చెట్ల చట్టం కూడా మారుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. సంఘం తరఫున మేమూ చెప్పలేదు, అది మా తప్పే.

పల్లెల్లో మనకు తెలిసింది 1964 నాటి చట్టం. టేకు, ఇప్ప, చింత, మామిడి వంటి జాబితాలో ఉన్న చెట్టు మన పట్టా భూమిలో ఉన్నా అనుమతి లేకుండా కొట్టరాదు. పట్టణాలకు 1975 నాటి వేరే చట్టం ఉంది. అక్కడ ఆ జాబితా పట్టింపు లేదు. వేపకైనా, రావికైనా అనుమతి కావాల్సిందే.

మూడేళ్ల కింద మా వాడలో ఒక పెద్ద వేపచెట్టును ఒక్క మధ్యాహ్నంలో కొట్టేశారు. మే నెల, ఎండ 45 దగ్గర ఉంది. దాని కింద కూరగాయలు అమ్మే ఇద్దరు ఆడవాళ్లు గంపలు ఎత్తుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డారు. సంబంధిత కార్యాలయానికి వెళ్లి అడిగితే, "నోటీసు పెట్టాం కదా, ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు" అన్నారు. నోటీసు నిజంగానే పెట్టారు. మరాఠీలో ఉన్న ఆ కాగితం పక్కనున్న కరెంటు స్తంభానికి ఉంది. మేము రోజూ దాని ముందు నుంచే నడిచాము. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా పని చేసి, కనబడిన ప్రతి కాగితం చదివే అలవాటున్న మేమే చదవలేదు, ఇక ఇతరులను ఏమంటాం?

చట్టం ఏం చెప్తుందో చూడండి. చెట్టు కొట్టాలని అర్జీ వస్తే వృక్ష అధికారి స్వయంగా వెళ్లి చెట్టును చూడాలి. స్థానిక పత్రికలో ప్రకటన ఇవ్వాలి. నోటీసును ఆ చెట్టుకే, అందరికీ కనబడే చోట అంటించాలి, స్తంభానికి కాదు. అనుమతి వచ్చాక కూడా 15 రోజులు గొడ్డలి పడరాదు. ఎవరైనా అభ్యంతరం రాసి ఇస్తే వృక్ష ప్రాధికరణ వారు అతన్ని పిలిచి వినాలి, తేల్చేదాకా చెట్టు నిలిచే ఉండాలి. చెట్టు ఎండిపోయినా, ఇంటి మీద పడేలా ఉన్నా అనుమతి కాదనరు, అది న్యాయమే. మరాఠీ నోటీసులో 'వృక్షతోడ్' అన్న మాట కనబడితే చెట్టుకు తోడు అనుకోకండి, చెట్టు నరకడం అని అర్థం. 'హరకత్' అంటే అభ్యంతరం. ఈ రెండు మాటలు గుర్తుపడితే సగం పని అయినట్టే.

అసలు విషయం 2021 సవరణలో ఉంది. 50 ఏళ్లు దాటిన చెట్టును ప్రాచీన వృక్షంగా చూడాలన్నారు. ఒక చెట్టు కొడితే దాని వయసు ఎన్నేళ్లో అన్ని మొక్కలు నాటాలి, మొక్క కనీసం ఆరడుగులు ఉండాలి, ఏడేళ్లు సాకాలి. అంటే ఇప్పుడు లెక్కంతా వయసు మీదే. చెట్టుకు 60 ఏళ్లని రాస్తే 60 మొక్కలు, 20 అని రాస్తే 20 మొక్కలు, ప్రాచీనం అన్న మాటే రాదు. వయసు రాసేది బదిలీ మీద వచ్చిన అధికారి. ఆయన అంచనా తప్పని చెప్పడానికి మన చేతిలో ఏముంది?

ఉంది. ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్న ఇళ్లు మనవి. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఫలానా చింత కొమ్మకు పడవ కట్టామని ఒక పెద్దాయన చెప్పగలిగితే, ఆ చెట్టు 40 ఏళ్ల కిందటే పడవను ఆపేంత చెట్టు అన్నమాట. 1982లో గడ్చిరోలి జిల్లా కాకముందు, మనం చంద్రాపూర్ కింద ఉన్నప్పుడే ఆ రావి కింద కట్ట కట్టించారని ఒక ముసలమ్మకు గుర్తుంటే అదీ సాక్ష్యమే. కాని నోటిమాటకు ఫైల్లో చోటు లేదు. కాగితం మీదికి రావాలి.

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు అక్కడి మర్రిచెట్ల కోసం నిలబడ్డవారు చేసింది ఇదే. సుమారు 900 చెట్లను ఒక్కొక్కటిగా లెక్కబెట్టి, ఎక్కడ ఉందో గుర్తించి, ఆ పట్టికతో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. నినాదాలను పక్కన పెట్టగలరు గాని పట్టికకు జవాబు రాయాల్సి వస్తుంది, ఇది మా నౌకరీ అనుభవం.

ఏటపల్లి తాలూకాలో ఇనుప ఖనిజం కర్మాగారం కోసం 937 హెక్టార్ల అడవికి 2025లో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది, పోయే చెట్లు లక్షకు పైన. దాని ముందు మన వాడ వేపచెట్టు ఏపాటిది అని మొన్న మా సమావేశంలో ఒక తమ్ముడు అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే. అడవి ఫైలు ఢిల్లీ దాకా పోతుంది, అక్కడ మన చేయి ఆనదు. వేపచెట్టు ఫైలు మాత్రం నగర పంచాయతీ టేబుల్ మీదే ఉంటుంది. మన వడధంలో కోట్ల ఏళ్ల కిందటి చెట్ల శిలాజాలకు పార్కు కట్టి చూపిస్తున్నాం. బతికున్న చెట్టుకు ఒక వరుస కూడా రాసిపెట్టలేదు.

రోడ్డుకు మేము అడ్డం కాదు. ఆలాపల్లి దారిలో పురిటి నొప్పులతో ఉన్న ఆడబిడ్డను తీసుకుపోయినవారికి మంచి రోడ్డు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ చెట్టు పోతుంది, దాని వయసు ఎంత, బదులు మొక్కలు ఎక్కడ నాటుతారు అన్నది ముందే తెలియాలంటున్నాము, అంతే. అయిదేళ్లకోసారి చెట్ల గణన చేయాలని చట్టంలోనే ఉంది. గత గణన నకలు ఇప్పించమని అర్జీ రాస్తున్నాము.

ఈలోగా సంఘం గదిలో ఒక రిజిస్టరు తెరిచాము. చెట్టు పేరు, వాడ, చుట్టుకొలత, ఎవరు నాటారు, ఏ ఏడు, చెప్పినవారి సంతకం: ఇవే గడులు. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. ఆదివారం ఉదయం పిల్లలు టేపు పట్టుకుని ఇళ్లకు వస్తారు, పెద్దలు కాస్త కూర్చుని చెప్పండి. వానలు పడేలోపు మొదటి పట్టిక తెలుగులో, మరాఠీలో ముఖ్యాధికారి గారికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుంటాము.