ఒకే ర్యాండీ మాస్, రెండు జట్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేచీకోరుగా పేరుపడిన స్టార్‌ను ఏ జట్టు తెచ్చుకున్నా ముందుగా వినిపించేది ఒకటే ప్రశ్న: ఇతను వస్తే జట్టులో సఖ్యత ఏం కాను? ప్రశ్న సబబే. జవాబు కోసం మాత్రం అందరూ ఆ ఆటగాడి స్వభావాన్నే తవ్వుతారు. బంతి పట్టే రిసీవర్ ర్యాండీ మాస్ ఉదంతం చూస్తే తవ్వాల్సిన చోటు అది కాదని తేలుతుంది. మూడేళ్ల తేడాతో అతన్ని రెండు జట్లు తీసుకున్నాయి. ఒకచోట రికార్డులు తిరగరాశాడు. మరోచోట నెల తిరక్కుండానే సాగనంపారు.

2006 సీజన్‌లో మాస్ ఆడుతున్న ఓక్లండ్ రైడర్స్ 16 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. మాస్ మనసు పెట్టి ఆడడం లేదని, అతని పని అయిపోయిందని మాటలు మొదలయ్యాయి. 2007 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తన నాలుగో రౌండు అవకాశం ఒక్కటి ఇచ్చి అతన్ని తీసుకుంది. అంతటి రిసీవర్‌కు అది కారుచౌక. మాస్ కూడా పాత ఒప్పందాన్ని వదులుకుని, జీతం తగ్గించుకుని ఏడాదికే సంతకం చేశాడు. ఆ సీజన్‌లో 23 టచ్‌డౌన్ క్యాచ్‌లతో లీగ్ రికార్డు నెలకొల్పాడు. జట్టు లీగ్ దశలో 16కు 16 గెలిచి, సూపర్ బౌల్ ఫైనల్లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడింది.

అక్కడ కుదిరిందేమిటి? కోచ్ బిల్ బెలిచిక్ మాటకు అప్పట్లో తిరుగుండేది కాదు. మ్యాచ్ వీడియోలు చూసే సమావేశాల్లో అతను బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ తప్పులను సైతం అందరి ముందూ ఏకరువు పెట్టేవాడు. మూడు సూపర్ బౌల్‌లు గెలిపించిన బ్రాడీకే లేని మినహాయింపు కొత్తగా వచ్చినవాడికి ఎలా వస్తుంది? పైగా చౌకగా వచ్చాడు కనుక, కుదరకపోతే వదిలించుకోవడానికి జట్టుకు అడ్డేమీ లేదు. అది మాస్‌కు తెలియని సంగతేం కాదు.

2010లో ఒప్పందం పొడిగించడం లేదని మాస్ బహిరంగంగా గొణిగాడు. అక్టోబరులో పేట్రియట్స్ అతన్ని మిన్నెసోటా వైకింగ్స్‌కు పంపేసింది. వైకింగ్స్ పరిస్థితి వేరు. ఆ ఆగస్టులో క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ శిక్షణ శిబిరానికి రాకపోతే, అతన్ని బతిమాలి తీసుకురావడానికి ముగ్గురు సహచరులు విమానంలో మిసిసిపీ వెళ్లారు. పెద్ద ఆటగాడికి ఒక నియమం, మిగిలినవారికి ఒక నియమం అన్నది మాస్ రాకముందే ఖాయమైపోయింది. అక్టోబరు చివరివారం ఒక స్థానిక హోటల్ వాళ్లు జట్టుకు భోజనం వడ్డిస్తే, అది తినదగ్గది కాదని మాస్ వాళ్ల ఎదుటే తీసిపారేశాడు. ఆ ఆదివారం పేట్రియట్స్ చేతిలో ఓడాక విలేకరుల ముందు పాత జట్టును, పాత కోచ్‌ను పొగిడాడు. ఒకట్రెండు రోజుల్లో కోచ్ బ్రాడ్ చిల్డ్రెస్ అతన్ని వదిలించుకున్నాడు. మాస్ అక్కడ ఆడింది నాలుగే మ్యాచ్‌లు. నవంబరు ముగియకముందే చిల్డ్రెస్ ఉద్యోగమూ పోయింది.

గెలుస్తుంటే అన్నీ సర్దుకుంటాయనే వాదన ఒకటుంది. మరో రిసీవర్ టెరెల్ ఓవెన్స్ అనుభవం దాన్ని బలపరచదు. వరసగా మూడేళ్లు సూపర్ బౌల్ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన ఫిలడెల్ఫియా ఈగిల్స్, 2004లో అతన్ని తెచ్చుకుని 13 మ్యాచ్‌లు గెలిచింది. డిసెంబరులో కాలు విరిగిన ఓవెన్స్ ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడి 122 గజాలు రాబట్టాడు. జట్టు 24-21తో ఓడింది. తగవు ఆ తర్వాతే రాజుకుంది. ఏడేళ్ల ఒప్పందం ఏడాదికే చాలదన్నాడు. క్వార్టర్‌బ్యాక్ డొనోవన్ మెక్‌నాబ్ ఆ ఫైనల్లో అలసిపోయాడన్నట్టు మాట్లాడాడు. ఆగస్టులో శిబిరం నుంచి ఇంటికి పంపిస్తే, ఇంటిముందు కెమెరాల సాక్షిగా కసరత్తులు చేశాడు. నవంబరులో సస్పెండయ్యాక మళ్లీ ఈగిల్స్‌కు ఆడలేదు. మెక్‌నాబ్ గాయం కూడా తోడై, ఆ సీజన్ 6 గెలుపులు, 10 ఓటములతో ముగిసింది. బంతి విసిరేవాడికీ పట్టేవాడికీ మధ్య నమ్మకం చెడితే నిరుటి గెలుపులు అక్కరకు రావు.

ఇక డబ్బు సంగతి. 2019లో రైడర్స్ జట్టు రిసీవర్ ఆంటోనియో బ్రౌన్‌కు గ్యారంటీ సొమ్మే 3 కోట్ల డాలర్లు దాటేలా ఒప్పందం రాసిచ్చింది. హెల్మెట్ మార్చుకోనని పేచీ, జనరల్ మేనేజర్‌తో వాగ్వాదం తర్వాత, ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే సెప్టెంబరులో విడుదల చేసింది. అదే బ్రౌన్ మరుసటి ఏడాది చిన్న మొత్తానికి టాంపా బే జట్టుకు వచ్చి, అప్పటికి అక్కడే ఆడుతున్న బ్రాడీ విసిరిన బంతిని పట్టి సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ చేశాడు. 2022 జనవరిలో మ్యాచ్ మధ్యలో జెర్సీ విప్పేసి మైదానం వదిలి వెళ్లిపోయాడు. జట్టు అతనితో తెగతెంపులు చేసుకుంది. కట్టుదిట్టమైన జట్టు ఆటగాడి స్వభావాన్ని మార్చదు. ఆ స్వభావం బద్దలైన రోజున నష్టాన్ని తట్టుకోగలదు, అంతే.

కాబట్టి ట్రేడ్ మీద సంతకం చేసే యాజమాన్యం ఆటగాడి పాత తగాదాల చిట్టా కంటే ముందు తన ఇంటిని చూసుకోవాలి. నియమాలు అందరికీ ఒకేలా వర్తిస్తున్నాయా? కుదరకపోతే వదిలేసే స్థోమత ఉందా? వైకింగ్స్ మాస్‌ను తెచ్చుకునేటప్పటికి మూడు మ్యాచ్‌లలో రెండు ఓడి కంగారులో ఉంది. చెదిరిన జట్టును స్టార్ వచ్చి కుదుర్చుతాడన్న ఆశతో చేసే బేరానికి చెల్లించాల్సిన అసలు ధర డ్రాఫ్ట్ లెక్కల్లో కనపడదు.