సంపద రాక కాలువను బట్టి

‘ధనాన్ని ఆహ్వానించే మనసుంటే ధనం వస్తుంది, లేమి ఆలోచనే లేమికి మూలం’ అని మీ ఆదివారం వ్యాసం తేల్చేసింది. మిర్యాలగూడ బియ్యం మిల్లులను ఉదాహరణగా చూపడం మరీ విడ్డూరం.

1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పండింది, వరి వెనకే మిల్లులొచ్చాయి. అప్పటి ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే తుంగతుర్తి మెట్ట రైతులు శ్రీరాంసాగర్ రెండో దశ నీళ్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. వాళ్ల మనసులో తక్కువేముంది?

ఇక ఆశావాదం మాటకొస్తే, కౌలు రైతును మించిన ఆశావాది ఎవరండీ? పంట చేతికి రాకముందే కౌలు కడతాడు, అప్పు తెచ్చి నాట్లేస్తాడు. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకే అందింది, కౌలుదారుకు రాలేదు. యాసంగి కోతలప్పుడు మిల్లు ముందు ట్రాక్టర్ల వరుసలో రాత్రంతా పడుకుంటాడు. తెల్లారాక ఒకాయన వచ్చి నాలుగు గింజలు పంటి కింద నలిపి, ‘పచ్చిగుంది’ అని ధర కోస్తాడు. అక్కడ ఏ ధ్యానం చేయాలో వ్యాసకర్తే చెప్పాలి.

పొదుపు, వ్యాపార మెలకువలు నేర్పితే కాదనం. పేదరికాన్ని పేదవాడి బుర్రకే అంటగట్టొద్దు. ఈసారి సంపద మీద రాయించే ముందు, కోతల కాలంలో మీ విలేకరిని ఒక్కరాత్రి ఆ ట్రాక్టర్ల వరుసలోకి పంపండి.

– ఒక కౌలు రైతు, కోదాడ