పులిహోర గుజ్జు మీద ఫాయిల్‌కి చిల్లులు పెట్టిందెవరు?

వరలక్ష్మీ వ్రతం ముందురోజు సాయంత్రమే పులిహోరకి చింతపండు గుజ్జు ఉడికించి, స్టీలు గిన్నెలోకి తీసి, పైన అల్యూమినియం ఫాయిల్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్నే తీసి చూస్తే ఫాయిల్ నిండా సూదితో గుచ్చినట్టు చిల్లులు! గుజ్జు మీద అక్కడక్కడ బూడిదరంగు మచ్చలు. "బొద్దింకలేమో చూడమ్మా" అన్నారు అత్తగారు. "ఫాయిల్ నాసిరకం" అని తేల్చేశారు మావారు. రెండూ కాదు. రాత్రంతా ఆ గిన్నెలో ఓ చిన్న బ్యాటరీ పని చేసింది!

నవ్వకండి. ఇంటర్లో మార్కుల కోసం బట్టీ పట్టిన గాల్వనిక్ సెల్ పాఠం ఇన్నాళ్ళకి నా వంటింట్లోనే ఎదురైంది. బ్యాటరీకి కావలసినవి మూడే. రెండు వేరువేరు లోహాలు, ఆ రెండింటినీ తడిపే పుల్లటి నీళ్ళో ఉప్పునీళ్ళో, ఆ లోహాలు ఒకదానికొకటి కలిసే దారి. నా గిన్నెలో మూడూ ఉన్నాయి. ఫాయిల్ అంచు స్టీలుకి ఆనింది, మధ్యలో కుంగి గుజ్జుకీ తగిలింది. ఇంకేముంది, అల్యూమినియం కరగడం మొదలుపెట్టింది. నేను పైపొర తీసి పారేసి మిగతాది వాడాను. ఈసారి మీరు పులుపూ ఉప్పూ ఉన్న వంటకం స్టీలు గిన్నెలో పెడితే పైన స్టీలు మూతో పళ్ళెమో పెట్టండి. మన పెద్దవాళ్ళు ఆవకాయని జాడీలో పెట్టేవారు చూశారా? పింగాణీ లోహం కాదు కనుక అక్కడ ఈ గొడవే లేదు.

ఈ సంగతి మొదట బయటపడింది కప్పకాళ్ళ దగ్గర. ఇటలీలోని బొలోన్యాలో గాల్వానీ అనే డాక్టరుగారు చచ్చిన కప్ప కాలుకి రెండు రకాల లోహాలు తగిలిస్తే అది ఎగిరిపడటం చూశారు. కప్ప ఒంట్లోనే కరెంటుందని 1791లో రాశారు. పావియాలో ఉన్న వోల్టాగారు ఒప్పుకోలేదు. కరెంటు కప్పది కాదు, ఆ రెండు లోహాలదీ అన్నారు. 1800లో జింకు బిళ్ళ, వెండి బిళ్ళ, మధ్యలో ఉప్పునీళ్ళలో తడిపిన ముక్క, ఇలా దొంతరగా పేర్చి కప్ప లేకుండానే కరెంటు పుట్టించారు. చిత్రమేమిటంటే సెల్‌కి పేరు మాత్రం గాల్వానీగారిదే నిలిచింది. వోల్టాగారి పేరు 'వోల్టు'గా మిగిలింది.

పిల్లలకి సెలవులప్పుడు దీన్ని ఇంట్లోనే చూపించవచ్చు. నాలుగు నిమ్మకాయలు తీసుకోండి. ఒక్కోదానికీ ఓ పక్క జింకు పూత ఉన్న మేకు, ఇంకో పక్క రాగితీగ ముక్క గుచ్చండి. లోపల రెండూ తగలకూడదు. ఒక కాయ మేకుని పక్క కాయ రాగికి తీగతో కలుపుకుంటూ పోండి. చివర మిగిలిన రాగికి చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపం పొడుగు కాలు, మేకుకి పొట్టి కాలు కలపండి. గది చీకటి చేసి చూస్తే దీపం మినుకుమంటుంది. ఒక్కో కాయ ఇచ్చేది ఒక వోల్టుకి కాస్త తక్కువే, అందుకే ఒక్కటి చాలదు. టార్చిలైటు బల్బు మాత్రం పెట్టకండి, దానికి ఈ బలం సరిపోదు.

కరెంటు నిమ్మకాయలోంచి వచ్చిందనుకుంటారు పిల్లలు. కాదండీ, ఇచ్చింది జింకు. దానికి తన ఎలక్ట్రాన్లని వదిలేసే గుణం రాగికంటే ఎక్కువ. ఒక్కో జింకు పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లని మేకులో వదిలి, తను రసంలో కరిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు తీగవెంట రాగి వైపు నడుస్తాయి. ఆ నడకే కరెంటు. రాగి దగ్గర రసంలోని ఆమ్లం వాటిని అందుకుంటే హైడ్రోజన్ బుడగలు వస్తాయి. అంటే ఒకటి కరుగుతుంటేనే ఇంకోచోట దీపం వెలుగుతుంది. అన్నట్టు, ఆ నిమ్మకాయల్ని పులిహోరలో పిండకండి. వాటిలో జింకు కరిగి ఉంటుంది, పారేయండి.

ఈ కరగడాన్నే మనకి లాభంగానూ వాడుకోవచ్చు. నల్లబడ్డ వెండి కుందులూ కుంకుమ భరిణెలూ ఉన్నాయా? ప్లాస్టిక్ టబ్బు అడుగున ఫాయిల్ పరిచి, వాటిని ఫాయిల్‌కి తగిలేలా పెట్టండి. లీటరు వేడినీళ్ళలో పెద్ద చెంచాడు వంటసోడా, చెంచాడు ఉప్పు కలిపి పోయండి. ఫాయిల్ కరుగుతూ, నలుపులో చిక్కిన వెండిని మళ్ళీ వెండిగా మారుస్తుంది. కాస్త కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, కంగారుపడకండి. పొడి పెట్టి తోమితే వెండి కొంచెం కొంచెం అరిగిపోతుంది, ఇందులో ఆ నష్టం లేదు. రాళ్ళు పొదిగిన నగలు మాత్రం వేయకండి.

మామూలు టార్చి సెల్ కూడా ఇంతే. బయటి డబ్బా జింకు, మధ్యలో కర్ర బొగ్గుది, చుట్టూ నల్లపొడి, తడి ముద్ద. వాడగా వాడగా ఆ జింకు డబ్బాయే కరిగి చిల్లుపడి కారుతుంది. అందుకే ఊరెళ్ళేముందు టార్చిలోంచి సెల్స్ తీసేయండి. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో రూపాయి బిళ్ళంత సెల్ ఉంటుంది. పసివాళ్ళు దాన్ని మింగితే గొంతులో ఇరుక్కోవచ్చు. అప్పుడు అక్కడి తడే దానికి దారి. కరెంటు పారి, కాస్టిక్ సోడా లాంటి క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. బొమ్మని ఆడించలేని పాత సెల్‌కి కూడా ఆ బలం మిగిలే ఉంటుంది. "అరటిపండు పెడితే దిగిపోతుందిలే" అని చూడకండి, వాంతి చేయించకండి. మింగాడేమోనన్న అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే పరుగెత్తండి. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అంతే.

ఇవాళ వంట ముగిశాక పది నిమిషాలు కేటాయించి, ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ, బొమ్మలన్నీ తిప్పి చూడండి. మూతకి స్క్రూ ఉందా, ఊడిపోయిందా? లేకపోతే గట్టిగా టేపు చుట్టండి. తీసేసిన సెల్‌కి రెండువైపులా టేపు అంటించి, పిల్లల చేతికందని చోట పెట్టండి. నా ఫాయిల్‌కి పడ్డ చిల్లులు చూసి నవ్వుకున్నాం, సరిపోయింది. పసివాడి గొంతు దగ్గర అలా కాకూడదు కదా!