పిడికెడు బియ్యం ఏం చేశాం?

తెలుగు నేల మీద మన సంఘాల్లో చాలావాటికి పునాది పడింది ఆకలి కాలంలోనే. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, పస్తులున్న వేలమందికి కూలి ఇప్పించారు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కూడా కరువు పనే. దాని రాళ్లు మోసినవాళ్ల పిల్లలు ఆ కూలితో అన్నం తిన్నారు. వాళ్ల మనవలం, మునిమనవలం మనం.

ఇచ్చే అలవాటు కూడా ఆ పేదిళ్లలోనే పుట్టింది. మన నాయనమ్మలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారం గుడ్డసంచిలో కట్టి గుడికి తెచ్చేవాళ్లు. ఇంట్లో చాలని రోజున కూడా ఆ పిడికెడు మానలేదు.

దాన్ని మనం ఏం చేశామో కోత పండుగనాడు చూడాలి. పెన్షన్ మీద బతికే ముసలమ్మ పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చి బల్ల ముందు పెడుతుంది. ప్రార్థన కాగానే వేలం మొదలవుతుంది. ఉద్యోగస్తులు పోటీపడి పాడతారు, అందరం చప్పట్లు కొడతాం, కాయ కారెక్కుతుంది, డబ్బు గోపురం ఫండుకు పోతుంది. సోమవారం ఆమె ఇంట్లో పొయ్యి వెలిగిందా అని కనుక్కునే పెద్ద ఒక్కరూ లేరు. ఆ వేలం నడిపే కమిటీలో నేనూ ఉన్నాను.

దశమ భాగాల పుస్తకం మాత్రం మన దగ్గర తప్పులేకుండా ఉంటుంది. ఎవరు ఎన్ని నెలలు బాకీయో పేజీ తిప్పితే తెలుస్తుంది. ఎవరింట్లో డయాలసిస్ నడుస్తోందో, ఏ పిల్ల ఫీజు కట్టలేక చదువు మానేసిందో ఎక్కడా రాసుకోలేదు. యెరూషలేములో కొందరు విధవరాండ్రకు రోజూ పెట్టే భోజనం అందట్లేదని సణుగుడు రాగానే తొలి సంఘం ఏడుగురిని ఆ పని మీదే పెట్టింది. మన దగ్గరికి అదే సణుగుడు వస్తే, “ప్రార్థన చేద్దాంలే అమ్మా” అని పంపేస్తున్నాం.

ఇంకొకటి ఉంది. చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పాలి. ఎన్నో ఊళ్లలో మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు. ఒక పల్లెలో ఇల్లు కాలితే రెండో గుడిలో కానుక సంచి తిరగదు. ప్రభువు బల్ల ఒక్కటే అంటాం, ప్రేమవిందుకు మాత్రం ఎవరి బంతి వాళ్లదే. ఇక క్రైస్తవుడు కాని పొరుగువాడి ఆకలి మన మీటింగుల్లో ప్రస్తావనకే రాదు. కాలువ గట్టున కూలి అందుకున్నవాళ్లలో ఎందరో అప్పటికింకా క్రైస్తవులు కారు.

వచ్చే కోత పండుగకు వేలం పాట వద్దు. రెండు గుళ్ల పెద్దలూ ముందే ఇంటింటికీ తిరిగి అవసరం ఉన్న ఇళ్లు రాసుకోవాలి. కానుకగా వచ్చిన బియ్యం, కూరగాయలు ఆ సాయంత్రమే ఆ ఇళ్లకు చేరాలి. గోపురం పని ఆగిపోతుందంటారు. ఆగనివ్వండి.