బేరానికి సీలు వేయడమేమిటి?

ఒప్పందం ఖరారైందనడానికి ఇంగ్లీషువాడు "సీల్ ద డీల్" అంటాడు. పత్రం మీద లక్క కరిగించి ముద్ర గుద్దే పాత ఆచారంలోంచి పుట్టిన మాట అది. వాడి మాట వాడికి ముద్దు. దానిని "డీల్ సీల్ చేశారు" అనీ, మరీ సాహసించి "బేరానికి ముద్ర వేశారు" అనీ తెలుగులోకి దింపే మహానుభావులతోనే నా పేచీ.

నిజామాబాద్ జిల్లా ఆర్మూరులో పసుపు అమ్మవచ్చిన రైతును "మీ డీల్ సీలయిందటగా?" అని పలకరించి చూడండి. మన ఊళ్లలో అధికారులు సీలు వేసేది పన్ను కట్టని దుకాణానికి. సీలు పడిందంటే మూతపడిందనే అర్థం. పాపం, సంతోషించవలసినవాడు గుండె పట్టుకుంటాడు!

తెలుగుకు మాటలు కరవా? బేరం కుదిరింది అంటాం. తెగింది అని కూడా అంటాం, "ఎంతకు తెగింది?" అని అడుగుతాం. తాడు తెగితే నష్టం, బేరం తెగితే లాభం. ఈ వింతను ఏ అనువాదకుడూ పుట్టించలేడు. మాట నిలవడానికి బయానా ఇస్తాం. అప్పటికీ పని కాలేదు. సరుకు కాంటా కావాలి, పైసలు ముట్టాలి. మెట్టుకొక క్రియ. ఆ "సీల్" అన్నది ఈ మెట్లన్నిటినీ ఒక్క ముద్ర కింద పూడ్చేస్తుంది. సంతకం పడిన గడియకే పని పూర్తయిందని నమ్మిస్తుంది. నా అసలు అభ్యంతరం ఇదే.

ఈ తేడా ఆర్మూరు ప్రాంతానికి అనుభవమే. పసుపు బోర్డు కావాలనీ, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలనీ 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ బరిలోకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. గెలిస్తే ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని భాజపా అభ్యర్థి ధర్మపురి అర్వింద్ బాండు పేపరు మీద రాసిచ్చారు, గెలిచారు. కాగితం ఉంది, సంతకం ఉంది. ఇంగ్లీషు నుడికారం లెక్కన అంతా "సీల్" అయినట్టే. కాని బోర్డు ప్రకటన వెలువడింది 2023 అక్టోబరు 1న; బోర్డు ప్రారంభమైంది 2025 జనవరి 14న, సంక్రాంతినాడు. పసుపు నేటికీ కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో లేదు.

తెలుగులో ఇదంతా ఒక్క వాక్యం: మాట 2019లో కుదిరింది, బోర్డు 2025లో చేతికి ముట్టింది, ధర ఇంకా తెగలేదు. దీన్ని "సీల్"తో రాసి చూపండి.